క్రిస్మస్‌కి నాలుగు రకాలు చాలు, పండగ రోజు చేసేది ఒక్కటే ఉండాలి

మీరు అడిగింది ఇదీ: ఇరవై మంది దాకా వస్తారు, చిన్న ఓవెన్ ఒకటే ఉంది, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పండగకి ఇంకా పన్నెండు రోజులే టైముంది. పోయినసారి ఏడు రకాలు మొదలుపెట్టి, పండగ రోజు సాయంత్రం దాకా వంటింట్లోంచి బయటికి రాలేకపోయారు. ఈసారి తేలిగ్గా అయిపోయేవి, అయినా చూడగానే పండగలా ఉండేవి చెప్పమన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా ప్రతి డిసెంబరులో ఇంట్లో ఇవి చేస్తున్నాను. మధ్యలో కొన్నేళ్లు ఆర్డర్లు తీసుకుని డబ్బాలు కట్టి ఇచ్చాను కూడా. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది చెబుతాను. మీ ఏడు రకాల్లో కష్టమైనది ఒక్కటీ లేదు. ఏడింటికీ ఆఖరి పని పండగ రోజుకే మిగిలింది, అక్కడే మీరు ఇరుక్కుపోయారు. తేలికైన వంటకమని దేన్నైనా ఎంచుకునే ముందు ఒకటి చూసుకోండి: ఇది ఎన్ని రోజుల ముందు చేసి పక్కన పెట్టుకోవచ్చు? అరగంటలో అయ్యేదే అయినా అప్పటికప్పుడు తినాల్సిందైతే పండగ రోజు అది బరువే. రెండు గంటలు పట్టినా సరే, వారం ముందు డబ్బాలోకి వెళ్లిపోయేది మీకు తేలిక.

అందుకని నాలుగు రకాలు పెట్టుకోండి. ఒక చాక్లెట్ పలక, ఒక బిస్కెట్, నోట్లో కరిగిపోయే మెత్తటిది ఒకటి, ఒక కారం రకం. కారం రకం మానొద్దు. తీపి మీద తీపి తినేసరికి అందరికీ మొహం మొత్తుతుంది, ప్లేటులో ముందు ఖాళీ అయ్యేది ఎప్పుడూ కారమే. మొదటి మూడూ ముందే చేసేయొచ్చు. కారంలో ఒకటి ముందు చేసేది, ఒకటి వేడివేడిగా ఇచ్చేది చెబుతాను, మీ ఓపికని బట్టి చూసుకోండి.

బిస్కెట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీ పన్నెండు రోజుల్లో ముందుగా చేయాల్సింది అదే. షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్‌కి కొలత గుర్తుపెట్టుకోవడం చాలా సులువు: పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు, అన్నీ తూకంలోనే. 100 గ్రాముల పంచదార పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా, వెన్న ఉప్పు లేనిదైతే ఒక పావు చెంచా ఉప్పు. గుడ్డు లేదు, బేకింగ్ పౌడర్ లేదు. కప్పుల లెక్క మాత్రం వద్దు. మైదా కప్పులో నొక్కి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు, షార్ట్‌బ్రెడ్ విరిగిపోయేదీ రాయిలా తయారయ్యేదీ ఆ తేడాతోనే. పండగ సామాను కొనేటప్పుడు ఒక చిన్న వంటింటి త్రాసు కూడా కొనుక్కోండి, నా మాట వినండి.

వెన్న వేలు పెడితే దిగేంత మెత్తగా ఉండాలి, కరిగి నూనెలా మాత్రం కాకూడదు. వెన్న, పంచదార పొడి కలిసేదాకా కలిపి, మైదా, ఉప్పు వేసి ముద్ద దగ్గరపడగానే ఆపేయండి. ఎక్కువ పిసికితే మైదాలో జిగురు సాగి బిస్కెట్ గుల్లగా రాదు. ఇప్పుడు ఆ ముద్దని మూడు భాగాలు చేయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాంట్లో ఒక నారింజ పండు తొక్క తురుము వేయండి, పైన రంగు ఉన్నంతవరకే తురమాలి, లోపలి తెల్లటి పొర చేదు. మూడోదాంట్లో ఒక చెంచా శొంఠి పొడి, అర చెంచా దాల్చినచెక్క పొడి. ఒకే ముద్దలోంచి మూడు రుచులు వచ్చాయి, గిన్నె ఒక్కటే కడుక్కున్నారు. ఒక్కో భాగాన్ని నాలుగు సెంటీమీటర్ల లావు కర్రలా చుట్టి, బటర్ పేపర్లో గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. రెండు నెలలున్నా ఏమీ కాదు. కావలసిన రోజు తీసి, పది పదిహేను నిమిషాలు బయట ఉంచి, కత్తి దిగగానే ఎనిమిది మిల్లీమీటర్ల మందం బిళ్లలుగా కోసి, 160 డిగ్రీల్లో 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. ఈ కొలతకి యాభై దాకా వస్తాయి.

ఎప్పుడు తీయాలో టైము చూసి కాదు, అంచు చూసి తెలుసుకోండి. బిళ్ల మధ్య భాగం ఇంకా తెల్లగానే ఉంటుంది, చుట్టూ అంచు మాత్రం లేత బంగారు రంగులోకి తిరుగుతుంది, అప్పుడే తీసేయాలి. వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది, ఉడకలేదేమో అనిపిస్తుంది. కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి. ట్రే మీదే పది నిమిషాలు వదిలేస్తే వెన్న గట్టిపడి అదే కరకరలాడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే తొందరపడి మాడ్చేస్తారు. చిన్న ఓవెన్లలో వెనక మూల వేడి ఎక్కువ, కాబట్టి సగం టైము కాగానే ట్రే తిప్పి పెట్టండి. ట్రే మీద ఇంకో ట్రే కుక్కొద్దు, కింద మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది.

ఇక చాక్లెట్. కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి, ఎందుకంటే ఇంట్లో చేసే క్రిస్మస్ తీపి వస్తువుల్లో పాడైపోయేది ఎక్కువగా చాక్లెట్టే. అది ఎందుకు పాడవుతుందో ఒక్కసారి అర్థమైతే మళ్లీ భయం ఉండదు.

ఒక ఏడాది పండగ ముందు రోజు రాత్రి, గిన్నెలో అరకిలో డార్క్ చాక్లెట్ చక్కగా కరిగి అద్దంలా మెరుస్తోంది. అప్పుడే కడిగిన గరిటె తీసి అందులో పెట్టాను. గరిటె కాడ నుంచి ఒకటో రెండో బొట్లు జారి ఉంటాయి. రెండు తిప్పులు తిప్పేసరికి మెరుపు పోయింది, మూడో తిప్పుకి గరిటె బరువెక్కింది, చూస్తుండగానే అది తడిసిన మట్టిలా ముద్దలు ముద్దలయి గిన్నె అంచుకి అంటుకుపోయింది. ఇంకాస్త వేడి చేస్తే కరుగుతుందేమోనని మంట పెంచాను, ఇంకా గట్టిపడింది. ఆ రాత్రి నేను ఎంత బాధపడ్డానో నాకు తెలుసు.

జరిగింది ఇదీ. చాక్లెట్‌లో ఉండేది కొవ్వు, అందులో తేలుతున్న పొడి పంచదార రేణువులు, కోకో రేణువులు. నీళ్లు లేవు. రెండు చుక్కల తడి తగలగానే పంచదార జిగురు కట్టి, ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతుంది. వింతేమిటంటే, దానికి మందు ఇంకా నీళ్లే. కొంచెం తడి ముద్ద కడుతుంది, ఎక్కువ తడి ఆ పంచదారని కరిగించేస్తుంది. ప్రతి 60 గ్రాముల చాక్లెట్‌కి ఒక టేబుల్‌స్పూన్ చొప్పున వేడి నీళ్లో వేడి పాలో పోసి కలిపితే మళ్లీ నున్నగా అవుతుంది. పలకలుగా మాత్రం ఇక గట్టిపడదు, సాస్‌గా వాడుకోవచ్చు, పాలల్లో కలిపి వేడివేడిగా తాగొచ్చు. పారేయాల్సిన పని లేదు. కాబట్టి గిన్నె, గరిటె, అచ్చు, చివరికి మీ చెయ్యి కూడా పొడిగా ఉండాలి. స్ట్రాబెర్రీలు ముంచాలనుకుంటే ముందు రోజే కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కొక్కటీ తుడిచి అప్పుడు ముంచండి.

రెండో బెడద తెల్ల మచ్చలు. చేసినప్పుడు బాగానే ఉంటుంది, రెండు రోజులకి బూజు పట్టినట్టు పైన తెల్లగా, చారలుగా వస్తుంది. అది బూజు కాదు, తిన్నా ఏమీ కాదు, కోకో వెన్న, అంటే చాక్లెట్‌లోని కొవ్వు, పైకి తేలి గడ్డకట్టిందంతే. కోకో వెన్న ఒక్క తీరుగా గడ్డకట్టదు, చాలా తీరులుగా కడుతుంది, అందులో ఒక్క తీరు మాత్రమే మెరుస్తూ, విరిస్తే టప్‌మని విరుగుతూ ఉంటుంది. ఆ తీరుగా కట్టించడాన్నే టెంపరింగ్ అంటారు. పేరు విని భయపడకండి, ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. డార్క్ చాక్లెట్ 400 గ్రాములు సన్నగా తరగండి. మూడింట ఒక వంతు పక్కన పెట్టండి. మిగతాది పొడి గిన్నెలో వేసి, కింద కాగుతున్న నీళ్ల గిన్నె మీద ఉంచండి. కింది నీళ్లు పై గిన్నె అడుక్కి తగలకూడదు, ఆవిరి చాలు. 45 డిగ్రీల దాకా కరగనిచ్చి కిందికి దించి, అడుగు తుడిచి, పక్కన పెట్టిన తరుగు కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. కరగని చాక్లెట్‌లో ఆ మంచి తీరు గడ్డలు ముందే ఉంటాయి, పాలల్లో తోడు వేసినట్టు అవి మిగతాదాన్ని తమ దారిలోకి తెచ్చుకుంటాయి. డార్క్ అయితే 31, 32 డిగ్రీలకి దిగేదాకా కలపాలి. మిల్క్ చాక్లెట్ 30కి, వైట్ చాక్లెట్ 28, 29కి.

థర్మామీటర్ లేకపోతే చెంచా కొసతో కాస్త తీసి కింది పెదవికి తాకించండి. ఒంటి వేడి 37 కదా, 32 డిగ్రీల చాక్లెట్ పెదవికి చల్లగా తెలుస్తుంది. వెచ్చగా ఉంటే ఇంకా కలపాలి. ఇంకో పరీక్ష, కత్తి మొన ముంచి బల్ల మీద పెట్టండి. అయిదు నిమిషాల్లో ఆరి మెరిస్తే సిద్ధం. జిడ్డుగానే ఉంటే ఇంకొంచెం తరుగు వేసి తిప్పండి.

ఇదంతా ఈ ఏడాదికి వద్దనుకుంటే కాంపౌండ్ చాక్లెట్ కొనుక్కోండి, నేను తక్కువగా చూడను. అందులో కోకో వెన్న బదులు వేరే వనస్పతి కొవ్వులుంటాయి కాబట్టి కరిగించి పోస్తే చాలు, దానంతటదే గట్టిపడి మెరుస్తుంది. రుచి ఒక మెట్టు తక్కువ, నోట్లో కొద్దిగా మైనంలా అనిపిస్తుంది. పైన వేసే పప్పులు, పళ్లు మంచివైతే పిల్లలకి ఆ తేడా పట్టదు. మొదటిసారి ఇరవై మందికి చేస్తున్నప్పుడు అదే మంచి దారి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే సగం పవర్‌లో 30 సెకన్లకోసారి తీసి కలుపుతూ ఉండండి. చాక్లెట్ ముక్కలు ఆకారం చెడకుండానే లోపల కరిగిపోతాయి, చూసి కరగలేదనుకుని ఇంకో రెండు నిమిషాలు పెడితే మాడుతుంది.

కరిగాక పలక చేయడం అయిదు నిమిషాల పని. ట్రే మీద బటర్ పేపర్ పరిచి, 400 గ్రాముల చాక్లెట్‌ని సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు వచ్చేలా పరవండి, నాలుగు మిల్లీమీటర్ల మందం వస్తుంది. ట్రేని బల్ల మీద రెండుసార్లు తట్టితే గాలి బుడగలు పోతాయి. తడిగా ఉండగానే పైన చల్లండి: పచ్చటి పిస్తా పలుకులు, ఎర్రటి ఎండు క్రాన్‌బెర్రీలు, వేయించిన బాదం చీలికలు, అన్నీ కలిపి 150 గ్రాములు దాటొద్దు. ఆ ఎరుపు, ఆకుపచ్చ చాలు, క్రిస్మస్ అని ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆఖర్న రాతి ఉప్పు పలుకులు కొద్దిగా చల్లండి. మానేద్దామని ఉంటుంది, మానకండి, డార్క్ చాక్లెట్ రుచి ఆ ఉప్పు పంటికి తగిలినప్పుడే తెలుస్తుంది. చల్లటి గదిలో రెండు మూడు గంటలు ఉంచి చేత్తో విరవండి. కత్తితో సమానంగా కోయొద్దు, వంకర టింకరగా విరిగిన ముక్కల్లోనే అందముంది. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే మూత ఉన్న డబ్బాలో పెట్టండి, బయటికి తీశాక డబ్బా మామూలు వేడికి వచ్చేదాకా మూత తెరవకండి. చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తడి చేరితే పంచదార కరిగి గరుకుగా మచ్చలు కడుతుంది. పొడిగా ఉంచితే నెల రోజులకీ పాడవదు.

మెత్తటి రకానికి రెండు దారులున్నాయి, మీకు నేనైతే రెండోది చెబుతాను. మొదటిది క్రీముతో చేసే ట్రఫుల్, అంటే మెత్తటి చాక్లెట్ ఉండ. డార్క్ చాక్లెట్ రెండు వంతులు, క్రీము ఒక వంతు, తూకంలో. 400 గ్రాముల చాక్లెట్ తరుగు మీద 200 గ్రాముల క్రీము పోయాలి. క్రీము అంచుల్లో బుడగలు రాగానే దించి పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, గిన్నె మధ్యలోంచి చిన్న చిన్న చుట్లతో కలుపుతూ బయటికి రావాలి. నూనె విడిపోయి విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి మళ్లీ మధ్యలోంచి కలపండి, కలిసిపోతుంది. వైట్ చాక్లెట్‌తో చేస్తే మూడు వంతులకి ఒక వంతు క్రీము వేయాలి, లేకపోతే ఉండ నిలవదు. రుచికి దీన్ని మించింది లేదు, కాదనను. చేతుల వేడికి కరుగుతూ ఉంటుంది కాబట్టి చుట్టడానికి అలవాటు కావాలి. ఫ్రిజ్‌లో వారం కంటే ఎక్కువ ఉంచను.

రెండోది బిస్కెట్ ఉండలు. పొయ్యి వెలిగించే పనే లేదు. 250 గ్రాముల మామూలు తీపి బిస్కెట్లు సంచిలో వేసి అప్పడాల కర్రతో పొడి కొట్టండి. పూర్తిగా పిండి కానక్కర్లేదు, అక్కడక్కడ పలుకులుంటే బాగుంటుంది. మూడు టేబుల్‌స్పూన్ల కోకో, ఎండు కొబ్బరి తురుము ఒక కప్పు, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి. కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఉసిరికాయంత ఉండలు చుట్టి, కొబ్బరి తురుములో దొర్లించాలి. నలభై దాకా వస్తాయి. పైన తెల్లటి కొబ్బరి మంచు పట్టినట్టు ఉంటుంది. ఈ పని మీ పిల్లలకి అప్పజెప్పండి. మా ఇంట్లో ఇది పిల్లల పనే. చేతులు చల్లటి నీళ్లలో ముంచి, బాగా తుడుచుకుని వరసగా కూర్చుంటారు, ఒకరు చుడితే ఒకరు దొర్లిస్తారు. ఒక ఉండ పెద్దది, ఒకటి చిన్నది వస్తుంది, రానివ్వండి. ఇందులో పచ్చి గుడ్డు, పచ్చి మైదా లేవు కాబట్టి మధ్యలో నాలుగు నోట్లోకి వెళ్లినా బాధ లేదు. షార్ట్‌బ్రెడ్ ముద్ద మాత్రం పచ్చిగా తిననివ్వకండి. గుడ్డు లేదు కదా అనుకుంటారు, కాల్చని మైదాలో కూడా కడుపు పాడుచేసే క్రిములు ఉండొచ్చు.

ఇంకా తేలిగ్గా కావాలంటే ఫడ్జ్ అనే మెత్తటి చాక్లెట్ బిళ్ల ఉంది. అదే 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా, 400 గ్రాముల డార్క్ చాక్లెట్, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, సన్నని సెగ మీద కరిగేదాకా కలిపి, 20 సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో బటర్ పేపర్ వేసి పోయడమే. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, అటు ఎనిమిది ఇటు ఎనిమిది వరసలుగా కోస్తే 64 ముక్కలు.

పంచదార పాకం కాచి చేసే కారమెల్, టాఫీ రకాలు మీరు రాసి పంపిన జాబితాలో పెట్టారు. ఈసారికి తీసేయండి. గట్టి పాకం 150 డిగ్రీలు దాటుతుంది, ఒంటి మీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పిల్లలు కాళ్లకి అడ్డం పడుతున్న వంటింట్లో అది వద్దు. అల్లం బిస్కెట్ పలకలతో జింజర్‌బ్రెడ్ ఇల్లు కట్టాలన్న మీ కోరిక కూడా వేరే ఏడాదికి దాచుకోండి. అది ఒక్కటే ఒక రోజంతా తినేస్తుంది, చివరికి ఎవరూ తినరు. బిస్కెట్ల మీద తెల్లటి ఐసింగ్ గీతలు కావాలంటే 100 గ్రాముల పంచదార పొడిలో మూడు చెంచాల నిమ్మరసం చాలు. సంచి మూల కత్తిరించి గీయడమే. ఆరడానికి ఆరేడు గంటలు పడుతుంది, ఆరకుండా ఒకదానిమీదొకటి పేర్చొద్దు.

కారానికి వద్దాం. ముందు చేసి పెట్టుకునేది మసాలా పప్పులు. ఒక గుడ్డు తెల్లసొన నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, 400 గ్రాముల బాదం, జీడిపప్పు, వాల్‌నట్ కలిపి అందులో వేయండి. నాలుగు చెంచాల పంచదార, ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా కారం, అర చెంచా దాల్చినచెక్క పొడి కలిపి పట్టించి, ట్రే మీద ఒకే వరసగా పరిచి 150 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఒకసారి కదపాలి. గుడ్డు వాడనివాళ్లు ఒక చెంచా నూనె, రెండు చెంచాల తేనె కలిపి పట్టించొచ్చు, కరకర కొంచెం తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పోస్తే ఆ ఆవిరికి మెత్తబడి మళ్లీ బాగుపడవు. గాలి చొరని డబ్బాలో రెండు వారాలు నిలుస్తాయి.

వేడివేడిగా ఇచ్చేది చీజ్ బిస్కెట్. మైదా, వెన్న, తురిమిన గట్టి చీజ్, మూడూ సమానంగా, 100 గ్రాముల చొప్పున, అర చెంచా మిరియాల పొడి. ఉప్పు వేయకండి, చీజ్‌లోనే ఉంటుంది. దీన్ని కూడా షార్ట్‌బ్రెడ్ లాగే కర్రలా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పండగ రోజు బిళ్లలు కోసి 180 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు. మీరు ఆ రోజు ఓవెన్ దగ్గరికి వెళ్లాల్సింది దీనికోసమే. ఇరవై మందికి రెండింతలు చేయండి, ఎంత చేసినా మిగలదు.

కేక్ సంగతి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. పళ్లు నెలల తరబడి నానబెట్టలేదని దిగులుపడకండి, ఉడకబెట్టి చేసే పద్ధతి ఉంది. 500 గ్రాముల ఎండు పళ్లు, 150 గ్రాముల వెన్న, 150 గ్రాముల బ్రౌన్ షుగర్, 200 మిల్లీలీటర్ల నారింజ రసం కలిపి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చండి. వేడి మీద గుడ్లు వేస్తే అట్టులా ఉడికిపోతాయి. తర్వాత రెండు గుడ్లు, 225 గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, జాజికాయ, దాల్చినచెక్క పొడులు. 20 సెంటీమీటర్ల గిన్నెలో 160 డిగ్రీల్లో గంటా పావు దాకా పడుతుంది, పుల్ల గుచ్చి చూడండి. పళ్లు అప్పటికే రసం పీల్చి ఉబ్బి ఉంటాయి కాబట్టి కేక్ పొడిబారదు. రెండో రోజు, మూడో రోజు ఇంకా బాగుంటుంది, కాబట్టి ఇది కూడా ముందే చేసేది.

దాచే విషయంలో ఒక్కటి జాగ్రత్త. కరకరలాడేవి, మెత్తటివి ఒకే డబ్బాలో పెట్టకండి. మెత్తటివాటిలోని తడి రాత్రికి రాత్రి బిస్కెట్లలోకి చేరిపోతుంది, తెల్లారేసరికి షార్ట్‌బ్రెడ్ రొట్టెముక్కలా ఉంటుంది. పుదీనా వాసన వేసినవి ఏవైనా చేస్తే వాటికి వేరే డబ్బా ఇవ్వండి, లేకపోతే డబ్బాలో ఉన్నవన్నీ అదే వాసన కొడతాయి. డబ్బాలు కట్టి ఎవరికైనా ఇస్తుంటే పప్పులు, పాలు, గుడ్డు, గోధుమ వీటిలో ఏవి వాడారో చీటీ రాసి పెట్టండి. పప్పులు పడనివాళ్లకి అది చిన్న విషయం కాదు. అయిదేళ్లలోపు పిల్లలకి గింజలు, పప్పులు గుండుగా ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి, పాప్‌కార్న్ కూడా అంతే. ఏడాది నిండని పసిబిడ్డకి తేనె కలిసినదేదీ నాలిక్కి కూడా తాకించొద్దు. ముద్దు చేస్తూ ఎవరో ఒకరు వేలితో పెడతారు, చూసుకోండి.

మీ పన్నెండు రోజులూ ఇలా వాడుకోండి. ఈ శని ఆదివారాల్లో ఒక రెండు గంటలు కూర్చుని షార్ట్‌బ్రెడ్, చీజ్ బిస్కెట్ ముద్దలు రెండూ కలిపి ఫ్రీజర్‌లోకి పంపేయండి. వారం మధ్యలో ఒక సాయంత్రం మసాలా పప్పులు, ఇంకో సాయంత్రం పిల్లలు పడుకున్నాక చాక్లెట్ పలక. చాక్లెట్ పనికి వంటింట్లో ఇంకేదీ ఉడకకుండా చూసుకోండి, ఆవిరే దానికి శత్రువు. పండగకి మూడు రోజుల ముందు షార్ట్‌బ్రెడ్ కాల్చండి. రెండు రోజుల ముందు పిల్లలతో ఉండలు. ఎక్కడైనా ఒక సాయంత్రం చేజారిపోతే పప్పులు మానేయండి, చాక్లెట్ మానొద్దు.

ఆ రోజు ప్లేట్లు సర్దేటప్పుడు చాక్లెట్ పలకలు నిలువుగా ఆనించి పెట్టండి, పడుకోబెడితే నల్లటి కుప్పలా కనిపిస్తాయి. కేక్ మీద చల్లే పంచదార పొడి జల్లెడతో సరిగ్గా బల్ల మీదికి తెచ్చే ముందే చల్లాలి, ముందే చల్లితే కేక్ తడికి కరిగి మాయమైపోతుంది. మొదటి అతిథి తలుపు తట్టాక చీజ్ బిస్కెట్లు ఓవెన్లో పెట్టండి, వాళ్లు కూర్చుని మంచినీళ్లు తాగేలోపు అవి అయిపోతాయి. ఉండలు గానీ ఫడ్జ్ గానీ అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి బయటికి తీయడం మర్చిపోవద్దు. చల్లగా ఉంటే పంటికి రాయిలా తగులుతాయి, చాక్లెట్ రుచే తెలియదు.